రెండోది ఎవరిది

శిష్యులు "ఎలా" అని అడిగితే డాక్టర్ ఆండాళు గారు పుస్తకం పేరు చెప్పేవారు. "ఎందుకు" అని అడిగితే మంచం నంబరు చెప్పేవారు. ఆ మంచం మీదున్న రోగిని అప్పటినుంచి ఆ శిష్యుడే చూసుకోవాలి. జవాబు దొరికిందా అని ఆవిడ మళ్ళీ అడగరు. గోదావరి తీరంలోని ఒక పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా కిడ్నీ మార్పిడి ఆపరేషన్లు చేస్తున్న మనిషి. పొట్టిగా, బక్కపల్చగా ఉండేవారు. నెరిసిన జుట్టును గట్టిగా ముడివేసుకుని ఆవిడ వార్డులో నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వినపడేది కాదు. మాట బహు పొదుపు. ఆపరేషను బల్ల దగ్గర ఆవిడ చేతులు చూసినవాళ్ళు మాత్రం, నేర్చుకుంటే ఇక్కడే నేర్చుకోవాలి అనుకునేవారు.

రత్నాకర్ ఆవిడ దగ్గర చేరి అప్పటికి ఎనిమిది నెలలైంది. నరసరావుపేట నుంచి వచ్చాడు. చురుకైనవాడు, చదివింది చదివినట్టు అప్పగించగలడు. ఆ రోజు ఉదయం రోగులను చూడటం ముగిశాక, నలుగురు శిష్యులూ ఆవిడ చుట్టూ నిలబడి ఉండగా అతనే అడిగాడు.

"మేడమ్, ఒక్క కిడ్నీతో మనిషి హాయిగా బతకొచ్చని దానం చేసేవాళ్ళకి మనమే చెబుతాం. బతుకుతున్నారు కూడా. ఒక్కటి చాలినప్పుడు రెండెందుకు? గుండె ఒక్కటే ఇచ్చింది ప్రకృతి. కాలేయం ఒక్కటే. లేకపోతే ప్రాణం పోయేవాటిని ఒక్కొక్కటే ఇచ్చి, ఒకటి సరిపోయేచోట రెండు పెట్టడంలో అర్థమేముంది?"

"స్టెప్నీ టైరు అనుకోరాదూ," అన్నాడు పక్కనున్న స్నేహితుడు. అందరూ నవ్వారు. ఆండాళు గారు నవ్వలేదు. చేతిలో ఉన్న కాగితాలు మడిచి రత్నాకర్ చేతిలో పెట్టారు.

"పదకొండో మంచం," అన్నారు.

పదకొండో మంచం మీద మంగతాయారు ఉంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. రెండో కాన్పప్పుడు పెరిగిన రక్తపోటును ఎవరూ కనిపెట్టలేదు. అది లోలోపల రెండు కిడ్నీలనూ తినేసింది. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుంటోంది. ఒంటి రంగు బూడిదలా మారిపోయింది. రోజు మొత్తానికి మూడు గ్లాసుల నీళ్ళే తాగాలి. ఆ మూడూ ఎప్పుడెప్పుడు తాగాలా అని పొద్దున్న లేచినప్పటినుంచి ఆలోచించుకునేది. భర్తకి చక్కెర జబ్బు ఉండటంతో అతను ఇవ్వడానికి పనికిరాడని మొదటి పరీక్షలోనే తేలిపోయింది. ఇంటి దగ్గర ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు.

"మా అన్నయ్య వస్తానన్నాడండి," అని చెప్పింది రత్నాకర్‌తో. "అన్నాడంటే వచ్చేస్తాడు. మా అమ్మకి మాత్రం ఇదేదీ చెప్పొద్దన్నాడండి. రక్తం తక్కువైంది, ఎక్కిస్తున్నారు అని చెప్పామావిడికి."

మూడోరోజు పొద్దున్నే తాతారావు వచ్చాడు. నలభై నాలుగేళ్ళుంటాయి. కల్లుగీత వృత్తి. నల్లగా, నిలువుగా, తాటిచెట్టునే చెక్కి మనిషిని చేసినట్టుండేవాడు. చెట్టును కరుచుకుని ఎక్కీ ఎక్కీ రొమ్ము మీదా, పాదాల లోపలి అంచుల మీదా చర్మం తోలులా మందమెక్కిపోయింది. రోజుకెన్ని చెట్లెక్కుతావని రత్నాకర్ అడిగాడు.

"ముప్పయ్యండి. పొద్దున్నోసారి, మధ్యాన్నమోసారి, సాయంత్రమోసారి."

"అంటే రోజుకి తొంభైసార్లా!"

"ఆయ్. ఎండల్లో అంతేనండి. వర్షాల్లో ఎక్కం." ఆ మాట అంటూనే చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టాడు. "ఏవైపుది తీస్తారో తీసేసుకోండి డాట్రుగారూ. మా చెల్లి ఎండిపోతోంది."

రక్తం గ్రూపు కలిసింది. రక్తపోటు లేదు, చక్కెర లేదు. ఇంత ఆరోగ్యమైన మనిషి దానానికి రావడం రత్నాకర్ ఎప్పుడూ చూడలేదు. స్కానింగ్ గదిలో అతను పక్కనే నిలబడ్డాడు. కుడివైపు కిడ్నీ తెర మీద కనిపించింది. పెద్దది, నిండుగా, నున్నటి అంచులతో ఉంది. స్కానింగ్ డాక్టరు దాన్ని కొలిచి, తల పంకించి, ఎడమవైపుకి వచ్చాడు. అక్కడ కాసేపు వెతికాడు. తాతారావును పక్కకి తిరగమన్నాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. కిందికి జరిపి పొత్తికడుపులో వెతికాడు, మళ్ళీ పైకి వచ్చాడు. చివరికి రత్నాకర్ వైపు చూశాడు.

ఎడమవైపు కిడ్నీ లేదు. ఆపరేషను చేసి తీసినట్టు మచ్చ కూడా లేదు. మర్నాడు చేసిన పెద్ద స్కానింగులోనూ అదే తేలింది. తల్లి కడుపులో ఉండగానే ఆ వైపు కిడ్నీ ఏర్పడలేదు. ఉన్న ఒక్కటీ మామూలుకంటే మూడు సెంటీమీటర్లు పెద్దదిగా పెరిగింది. రత్నాకర్ ఆ బొమ్మను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తోడు రాదని ఆ మాంసపు ముద్దకి ఎలా తెలిసింది? ఇంకా లోకమే చూడని పసిగుడ్డు లోపల, రెండింటి పనీ నేనే చెయ్యాలి అని ఎప్పుడు నిర్ణయించుకుంది? ఏళ్ళ తరబడి ఈ మనిషి రోజుకి తొంభైసార్లు ఆకాశంలోకి ఎక్కి దిగుతున్నాడు. తనకి ఒకటి తక్కువ అన్న సంగతి అతనికి ఒక్కరోజు కూడా తెలియనివ్వలేదు అది.

విషయం చెబితే తాతారావు మొదట నవ్వాడు. "మీరు సరిగ్గా చూసుండరండి," అన్నాడు. రెండోసారి చెప్పాక నవ్వు ఆగిపోయింది.

"ఉన్న ఆ ఒక్కటీ మంచిదేనా అండి?"

"చాలా మంచిది."

"ఇంకేం మరి. అదే తీసి పెట్టెయ్యండి."

"అది తీస్తే నీకేం మిగులుతుంది తాతారావూ?"

"ఆ మిషనుందిగా అండి. దాని మీద చెల్లి బదులు నేను పడుకుంటాను. నా కొడుకు అందొచ్చాడు. దానికింకా పిల్లలు చిన్నోళ్ళు. మూడు గ్లాసుల నీళ్ళు నాకు చాలండి. ఎండలో చెట్టు మీదున్నప్పుడు అవీ తాగను."

అతను బడాయికి అనడంలేదు. పక్కింటివాడికి నిచ్చెన ఇచ్చినంత మామూలుగా అంటున్నాడు. రత్నాకర్ చదివిన పుస్తకాల్లో ఈ మాటకి జవాబు లేదు. వెళ్ళి ఆండాళు గారిని పిలుచుకొచ్చాడు.

ఆవిడ వచ్చి తాతారావు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. నీతులు చెప్పలేదు. స్కానింగ్ బొమ్మను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, వేలితో చూపించారు. "ఇదిగో నాయనా, నీది."

తాతారావు ముందుకి వంగి చూశాడు. అతని మొహంలో మెల్లగా ఏదో మారింది. "ఇన్నాళ్ళూ వీడొక్కడే మోస్తున్నాడా అండి?" అన్నాడు చిన్న గొంతుతో. "పాపం, నాకు తెలీదండి. తెలిస్తే కాసిని మంచినీళ్ళన్నా పోసేవోణ్ణి."

"దీన్ని నేను తియ్యను," అన్నారు ఆండాళు గారు.

"నా ఒంట్లోదండి. నా ఇష్టం."

"నీ ఒంట్లోదే. కానీ తియ్యాల్సిన చేతులు నావి."

తాతారావు లేచి చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు కాజాలకి కుదరలేదు. చెల్లెలి మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అతని మొహం చూసి మంగతాయారే అర్థం చేసుకుంది. "పోన్లే అన్నయ్యా," అంది. అంత బలమైన మనిషీ గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాట ఇచ్చి తప్పానన్నది అతని బాధ. తనలో ఒకటి లేదన్న దిగులు అతనికి ఏ కోశానా లేదని రత్నాకర్ గమనించాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకి సూరమ్మ వచ్చింది. తాతారావుకీ మంగతాయారుకీ తల్లి. అరవై ఒకటో ఏడు. తాటాకు చాపలు అల్లుతుంది. కొడుకు ఇంటికెళ్ళి ఎంత దాచిపెట్టినా దాగలేదు. విషయమంతా బయటపడింది. ఆవిడ పొద్దున్న మొదటి బస్సెక్కి ఒక్కతే వచ్చేసింది. వెనకాలే బయల్దేరిన కొడుకు ఆసుపత్రికి చేరుకునేసరికి, ఆవిడ వార్డులో నిలబడి నిలదీస్తోంది.

"నా కొడుక్కి కిడ్నీ ఒకటే ఉందన్నదెవరు? రెండు పెట్టి కన్నాను నేను. రెండోదేమైంది? మీరెవరన్నా తీశారా?"

రోగులు లేచి కూర్చుని చూస్తున్నారు. ఆవిడ అందరి ముందే కొడుకు చొక్కా పైకెత్తి, నడుం చుట్టూ తిప్పి, కోసిన గుర్తు ఎక్కడన్నా ఉందా అని వేళ్ళతో తడిమి తడిమి చూసింది. తాతారావు సిగ్గుతో ముడుచుకుపోయాడు గానీ అడ్డుచెప్పలేదు. మచ్చ ఎక్కడా దొరకలేదు. అప్పుడు రత్నాకర్ దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పాడు. "ఎవరూ తియ్యలేదమ్మా. పుట్టకముందే, మీ కడుపులో ఉన్నప్పుడే ఆ వైపుది తయారవలేదు."

ఆవిడ చెయ్యి కొడుకు నడుం మీద అలాగే ఉండిపోయింది.

"నా కడుపులోనా?"

"కొందరికి అలా అవుతుందమ్మా. ఎవరి తప్పూ కాదు."

"ఆ ఏడు గాలివానొచ్చింది," అంది సూరమ్మ తనలో తను అనుకుంటున్నట్టు. "గింజ దొరకలేదు. తేగలు ఉడకేసుకుని తిన్నాం. అయిదో నెల నాకు." వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. కొడుకు టిఫిను తెస్తే ముట్టుకోలేదు. కూతురు కబురంపితే వస్తున్నానని చెప్పి లేవలేదు. రత్నాకర్ ఆ దారిన నాలుగైదుసార్లు వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి గోడ వైపు చూస్తూ అలాగే ఉంది. ఏ తల్లయినా ఇప్పుడు చేసేదేమిటో అతనికి తెలుసు, తనను తాను తిట్టుకోవడం. వెళ్ళి నాలుగు ఓదార్పు మాటలు చెప్పాలనుకున్నాడు.

మధ్యాహ్నం రెండవుతుండగా ఆవిడే లేచి అతని దగ్గరికి వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"బాబూ, నాకెన్నున్నాయో చూడు."

ఆ మాట రత్నాకర్‌ని భయపెట్టింది. కొన్ని కుటుంబాల్లో ఈ లోటు ఒకరినుంచి ఇంకొకరికి వస్తుందని అతనికి తెలుసు. ఆవిడకి కూడా ఒకటే ఉంటే ఆ పదకొండో మంచానికి ఇక ఏ ఆశా మిగలదు. స్కానింగ్ గదిలో అతను తెర పక్కనే నిలబడ్డాడు. కుడివైపు చూశారు. ఉంది. ఎడమవైపుకి జరిపారు. తెర మీద ముందు చీకటి, తర్వాత మసక, ఆ మసకలోంచి మెల్లగా గుండ్రటి అంచు తేలింది. అదీ ఉంది. అరవై ఏళ్ళు పనిచేసినా ఏ మచ్చా లేకుండా, చక్కగా ఉంది. రక్తం గ్రూపు కూతురితో కలిసింది. మిగిలిన పరీక్షలన్నీ రెండు వారాల్లో ఒకదాని తర్వాత ఒకటి బాగున్నాయని వచ్చాయి.

ఫలితాలు చెప్పడానికి ఆండాళు గారు ఆవిడను గదిలోకి పిలిచారు. "సూరమ్మగారూ, మీకు రెండూ ఉన్నాయి. రెండూ మంచివే."

సూరమ్మ తల ఊపింది. ముందే తెలిసిన సంగతి విన్నట్టు ఉంది ఆవిడ మొహం. "ఉంటాయండి. వాడి రెండోది నాదగ్గరే ఉండిపోయింది."

అలా జరగదని చెప్పబోయాడు రత్నాకర్. బిడ్డ కిడ్నీలు బిడ్డలోనే మొలుస్తాయి, తల్లి కిడ్నీలు తల్లి పుట్టినప్పటినుంచి ఆవిడవే. నోరు తెరిచేలోపు ఆండాళు గారి వేళ్ళు అతని మణికట్టు మీద పడ్డాయి.

అసలు చిక్కు కూతురితో వచ్చింది. మంగతాయారు ససేమిరా అంది. "ఈ వయసులో అమ్మను కోయించి నేను బతకనా? నాకొద్దు. చస్తే చస్తాను గానీ అమ్మది తీసుకోను." దుప్పటి మొహం మీదికి లాక్కుంది. తాతారావు బతిమాలాడు, భర్త బతిమాలాడు. ఆ దుప్పటి కదల్లేదు. మూడోరోజు సూరమ్మ కూతురి మంచం అంచున కూర్చుని, దుప్పటి తియ్యకుండానే మాట్లాడింది.

"నాది నీకెవరిస్తానన్నారే? నాది నాకు కావాలి. ఇంకా చాపలల్లుకోవాలి, నీ కూతుళ్ళ పెళ్ళిళ్ళు చూడాలి. నాది నా దగ్గరే ఉంటుంది. రెండోది మీ అన్నయ్యది. వాణ్ణి మోసినప్పుడు ఇవ్వడం మర్చిపోయాను. వాడు నీకిస్తానని మాటిచ్చాడు కదా. వాడిచ్చేది ఇదే. నా దగ్గరుంది కాబట్టి నేను తెచ్చాను, అంతే. అన్నయ్య ఇస్తే తీసుకుంటానన్నావు కదే?"

గోడ దగ్గర నిలబడ్డ తాతారావు తల్లి వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. తను పోగొట్టుకున్నాననుకున్న మాటను ఆవిడ తిరిగి అతని చేతిలో పెట్టింది. దుప్పటి తొలిగింది. మంగతాయారు అన్న వైపు చూసింది. "నిజమేనా అన్నయ్యా, నీదేనా?" అంది. "నాదేనే," అన్నాడు తాతారావు.

నియమం ప్రకారం ఆసుపత్రి కమిటీ ముందు దాత స్వయంగా ఒప్పుకోవాలి. బల్లకి అటువైపు అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన అడిగాడు. "సూరమ్మా, నిన్నెవరైనా బలవంతం చేశారా?"

"చేశారండి."

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరు?"

"పిల్ల ఒద్దంటే నేనే బలవంతం చేశానండి. నన్నెవరూ చెయ్యలేదు."

ఆపరేషను రోజు పొద్దున్న ఏడింటికి ఆవిడను బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు ఇవ్వబోయేముందు సూరమ్మ రత్నాకర్‌ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. "ఏవైపుది తీస్తారు బాబూ?"

"ఎడమదమ్మా."

ఆవిడ పెదవుల మీద చిన్న నవ్వు మెదిలింది. "వాడికి లేంది ఎడమవైపే కదా," అంది. కళ్ళు మూసుకుంది.

ఎడమ కిడ్నీని ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. ఆ వైపు రక్తనాళం కాస్త పొడవుగా ఉండి అతకడానికి వీలుగా ఉంటుంది. చాలామందిలో అదే తీస్తారు. రత్నాకర్‌కి ఆ సంగతి కంఠతా వచ్చు. కానీ ఆ క్షణంలో పుస్తకం చెప్పే కారణమూ, ఈ తల్లి చెప్పే కారణమూ ఒకే వేలితో ఒకే చోటును చూపిస్తున్నాయి.

పక్కగదిలో మంగతాయారు సిద్ధంగా ఉంది. కడిగి, చల్లబరచి తెచ్చిన కిడ్నీ ఆండాళు గారి అరచేతిలో ఉంది. రక్తమంతా పోయి తెల్లగా పాలిపోయి, ప్రాణం లేని వస్తువులా కనిపించింది. దాన్ని కూతురి పొత్తికడుపులో కుడివైపున అమర్చారు. ఆవిడ వేళ్ళు వెంట్రుకలాంటి దారంతో నాళాలను ఒక్కొక్క కుట్టూ వేసుకుంటూ వెళ్ళాయి. చివరి కుట్టు పడ్డాక ఆవిడ రక్తాన్ని ఆపడానికి నాళాలకి వేసిన పట్టీలు మెల్లగా వదిలారు.

రత్నాకర్ దీన్ని అంతకుముందు చాలాసార్లు చూశాడు. ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూశాడు. పాలిపోయిన ఆ ముద్ద మీద ముందు ఒక మూల గులాబి రంగు మెరిసింది. అది ఉదయపు వెలుగులా పాకి అంతటా పరుచుకుంది. మెత్తగా ఉన్నది బిగిసింది, అదిరింది. కూతురి గుండె కొట్టుకున్నప్పుడల్లా తల్లి కిడ్నీ కూడా కొట్టుకుంటోంది. నిమిషం గడిచింది. ఇంకొకటి గడిచింది. కిడ్నీ నుంచి వచ్చే, ఇంకా కుట్టని సన్నటి గొట్టం చివర ఒక బొట్టు నిలిచింది, వణికింది, రాలింది. వెనకాలే ఇంకొకటి వచ్చింది. ఏడాదిన్నరగా ఆ ఒంట్లో పుట్టని నీరది. మన భాషలో దీనికి మూత్రపిండం అని పేరు పెట్టిన పెద్దలు పిండం అన్న మాట ఎందుకు వాడారో రత్నాకర్‌కి తెలియదు. ఒకనాడు ఈ పిల్లను తన కడుపులో మోసిన తల్లి, ఇప్పుడు పిడికెడంత అయి ఆ పిల్ల కడుపులోకి వచ్చి పడుకుంది. ఆండాళు గారు తలెత్తకుండానే, "దారం," అన్నారు.

వారం తిరిగేసరికి మంగతాయారు ఒంటికి రంగు వచ్చింది. ఒకరోజు పొద్దున్న రత్నాకర్‌ని పిలిచి, భయం భయంగా అడిగింది. "డాట్రుగారండీ, ఇప్పుడెన్ని నీళ్ళు తాగొచ్చండి?"

"ఎంత తాగగలిగితే అంత. తాగకపోతే కోప్పడతాను."

ఆమె చెంబు రెండు చేతులా ఎత్తుకుని, ఆపకుండా అడుగుదాకా తాగింది. దించాక చెంబు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు కూడా ఏడ్చారు. ఎందుకేడుస్తున్నారో ఎవరూ ఎవరినీ అడగలేదు. పనిచెయ్యని ఆమె పాత కిడ్నీలు రెంటినీ మామూలుగా తియ్యరు, లోపలే వదిలేస్తారు. అంటే ఇప్పుడామెలో మూడున్నాయి. తల్లికి ఒకటి, అన్నకి ఒకటి. పంపకం సరిగ్గా లేదు గాని, ముగ్గురూ బతికున్నారు.

మూడు నెలల తర్వాత సూరమ్మ పరీక్షకి వచ్చింది. చాపలల్లడం మళ్ళీ మొదలుపెట్టానని చెప్పింది. ఆపరేషనైన కొత్తలో ఆవిడ రక్తపరీక్షలు కొంచెం తేడాగా ఉండేవి. ఇప్పుడవి దాదాపు మామూలైపోయాయి. రత్నాకర్ స్కానింగ్ కాగితం చూసి, మళ్ళీ పాత కాగితంతో పోల్చి చూశాడు. మిగిలిన కిడ్నీ దాదాపు ఒక సెంటీమీటరు పెరిగింది. అరవై దాటిన ఒంట్లో, కీళ్ళు అరిగి, జుట్టు రాలి, అన్నీ తగ్గిపోయే వయసులో, అదొక్కటీ పెరిగింది. మందివ్వలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

"మీ కిడ్నీ పెరిగిందమ్మా," అన్నాడు. తన గొంతులో పలికిన ఆశ్చర్యం తనకే వినిపించింది. "తోడుది వెళ్ళిపోయిందని దానికెలా తెలిసిందో మాకే అర్థం కాదు. తెలుసుకుని, దాని పని కూడా ఇదే చేస్తోంది."

సూరమ్మకి అందులో వింతేమీ కనపడలేదు. "మా ఆయన చెట్టు మీంచి పడిపోయినప్పుడు తాతారావుకి పదిహేనేళ్ళు బాబూ. దినాలయ్యాక మర్నాడు పొద్దున్న లేచి చూస్తే వాడు మంచం మీద లేడు. తోటలో చెట్టు మీదున్నాడు. ఎక్కమని నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు." ఆవిడ చీర కొంగు సర్దుకుని లేచింది. "నెమ్మదిగా నేర్చుకుంటుంది లెండి అదీను."

ఆవిడ వెళ్ళాక రత్నాకర్ ఆ కాగితాలు పట్టుకుని ఆండాళు గారి గదికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి మరుసటి రోజు ఆపరేషను కాగితాలు చూసుకుంటున్నారు. అతను గుమ్మంలోనే ఆగాడు. నాలుగు నెలల కిందట అడిగిన ప్రశ్న ఇప్పుడు అడగడానికి అతనికి సిగ్గేసింది. అయినా లోపల నిండి ఉన్నది చెప్పకుండా ఉండలేకపోయాడు.

"మేడమ్, నాకిప్పుడనిపిస్తోంది. ఆ రెండోది అసలు మనది కాదేమో."

ఆండాళు గారు కాగితాల మీంచి తలెత్తి, కళ్ళజోడు తీసి, అతని వైపు చూశారు.

"మొదటిది మాత్రం మనదని ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.